గినీపందులూ – గారాల బిడ్డలూ

సిలబస్ మారితే "మమ్మల్ని గినీపందుల్ని చేసినారు" అంటాం. పరీక్షల పద్ధతి మారితే మళ్ళీ అదే మాట. హాస్టల్ మెస్సులో కొత్త వంటమనిషి సాంబారు పోసిన రోజున కూడా అదే మాట! ఇన్నిసార్లు దాని పేరు చెప్పుకుని బాధపడే విద్యార్థి లోకాన్ని, "అసలా గినీపంది ఏం తింటుంది? ఎన్నేళ్ళు బ్రతుకుతుంది? మన ఎండకు తట్టుకుంటుందా?" అని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది తల గోక్కుంటారు. జంతుశాస్త్రం చదివేవాళ్ళం గూడా పుస్తకంలో బొమ్మ వరకే చెప్పగలం.

ఇప్పుడా ప్రాణి పుస్తకం దాటి, ప్రయోగశాల దాటి, మన ఇళ్ళ గడప ఎక్కుతూ వుంది. పుట్టినరోజుకనీ, పరీక్ష ప్యాసైనందుకనీ పిల్లలకు కొనిపెడుతున్నారు. కొనేముందు తల్లిదండ్రులు ఎవరిని అడుగుతారు? ఇంట్లో కాలేజీ చదువుతున్న వాళ్ళను. అంటే మనల్నే. "నువ్వు చదువుకున్నోడివి గదా, చెప్పు" అంటారు. కాబట్టి యూనియన్ మిత్రులు ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, దేశ సమస్యలన్నీ నాకన్నా గొప్ప మిత్రులకు వదిలేసి, ఈ చిన్న ప్రాణి సంగతి ఎత్తుకున్నాను. విషయం చిన్నదే. కాని ఒక ఇంట్లో పని ఎవరు చేస్తారు, పేరు ఎవరికి వస్తుంది అనేది ఇట్లాంటి చిన్న విషయాల్లోనే బయటపడుతుంది.

మాది హిందూపురం. మా అక్కను ధర్మవరంలో మగ్గాల ఇంటికి ఇచ్చినాం. మా చిన్నాన్నగారు పెనుకొండలో వుంటారు. అందువల్ల ఈ మూడు ఊళ్ళ మధ్య రైల్లో, బస్సులో తిరగడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లాను విడదీసి మూడింటినీ శ్రీ సత్యసాయి జిల్లాలో పెట్టినారు. జిల్లా పేరు మారింది గాని మా చూపు మారలేదు. అది ఎప్పుడూ బెంగుళూరు వైపే! హిందూపురానికి బెంగుళూరు నూరు కిలోమీటర్ల దాపు. పట్టుచీర తప్ప మిగతా ముచ్చట వస్తువులన్నీ మాకు అక్కడి నుంచే వస్తాయి. గినీపందులు గూడా అట్లే వస్తున్నాయి, అట్టపెట్టెకు నాలుగు బొక్కలు పొడిచి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని.

ముందు ఆ ప్రాణి ఎవరో తెలుసుకుందాం. పేరులో రెండు మాటలుంటే రెండూ అబద్ధమే. అది గినీ దేశానిది కాదు, పంది అసలే కాదు. ఎలుక, ఉడుత జాతికి దగ్గరి కొరుకుడు జంతువు. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడివాళ్ళు వేల సంవత్సరాల కిందటే దాన్ని మచ్చిక చేసి, వంటింటి మూలల్లో పెంచి, పండగలకు వండుకున్నారు. పెరూ దేశంలో ఇప్పటికీ తింటారు. పదహారో శతాబ్దంలో ఓడలెక్కి ఐరోపాకు చేరింది. అక్కడ ఒకవైపు దొరల పిల్లలకు ఆటవస్తువైంది, ఇంకోవైపు శాస్త్రజ్ఞుల బల్ల మీదికెక్కింది. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని నిరూపించింది గినీపందుల మీదనే. 1907లో నార్వే శాస్త్రజ్ఞులు హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు వీటికి ఒట్టి ధాన్యం మాత్రమే పెట్టి చూస్తే, ఓడ నావికులకు వచ్చే స్కర్వీ జబ్బు వచ్చింది. విటమిన్ సి కనిపెట్టడానికి అదొక పెద్ద మెట్టు. 1961 మార్చిలో, గగారిన్ కంటే నెల ముందు, సోవియట్ వాళ్ళు ఒక కుక్కతో బాటు ఒక గినీపందిని గూడా అంతరిక్షానికి పంపించినారు. మానవజాతికి ఇంత చాకిరీ చేసిన ప్రాణిని మనం ఇంటికి తెచ్చుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలైనా వేసుకోవాలా, వద్దా?

మొదటి ప్రశ్న ఎండ.

ఆండీస్ చల్లని కొండల ప్రాణి ఇది. ఒళ్ళంతా దట్టమైన బొచ్చు. మనలాగా చెమట పట్టదు. కుక్కలాగా నాలుక బయటపెట్టి రొప్పి చల్లబడనూ లేదు. వేడి 27, 28 డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలు, 30 దాటితే ప్రమాదం. బెంగుళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున వుంది. రైలు దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు దాటి హిందూపురం వచ్చేసరికి ఎత్తు 600 మీటర్ల చిల్లరకు దిగుతుంది. పెనుకొండ దాటి ధర్మవరం చేరేసరికి 350 మీటర్ల దాపుకు పడిపోతుంది. రైలు దిగే కొద్దీ ఎండ ఎక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ధర్మవరంలో 40 డిగ్రీలు ఎవరికీ వింత కాదు. బెంగుళూరు అంగట్లో హుషారుగా ఎగిరిన ప్రాణి ధర్మవరం రేకుల ఇంట్లో మధ్యాహ్నం రెండు గంటలకు ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మా వీధిలో ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. వేసవి సెలవులు రాగానే, ఐదో తరగతి ప్యాసైన పాపకు రెండు గినీపందులు తెచ్చినారు. పంజరం మిద్దె మీద రేకుల కింద పెట్టినారు, "గాలి బాగా ఆడతాది" అని. మూడోవారం ఒక మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ పెళ్ళికి పోయి వచ్చేసరికి రెండూ పక్కకు పడిపోయి వున్నాయి. పాప రెండు రోజులు అన్నం తినలేదు. అప్పుడు ఇంటి పెద్దాయన ఓదార్చిన మాట నాకు ఇంకా చెవుల్లోనే వుంది: "ఏడవద్దు తల్లీ, ఇంకో రెండు తెద్దాంలే." ఆయన మంచివాడే. బిడ్డ కన్నీళ్ళు తుడవాలనే అన్నాడు. కాని ఆ మాటతో ఆ పాపకు ఏమి నేర్పినట్టు? చచ్చిపోయిన ప్రాణి పగిలిపోయిన బలూను లాంటిదని, డబ్బు పెడితే మళ్ళీ వస్తుందని.

ఇట్లని మనవాళ్ళకు ప్రాణిని చూసుకోవడం చేతగాదా అంటే, అట్లా అంటే పాపం తగులుతుంది. మా హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు పేరుపడ్డ ఊరు. చుట్టూ పల్లెల్లో పట్టుపురుగులు మేపే రైతులను చూడండి. చాకీ పురుగుకు లేత ఆకు వేరు, పెద్ద పురుగుకు ముదురాకు వేరు. షెడ్డులో వేడి పెరిగిందంటే కిటికీలకు గోనెసంచులు తడిపి కడతారు. పురుగు జ్వరానికి పోతే ఆకు ఆపేస్తారు, లేచిన తర్వాతే మళ్ళీ వేస్తారు. రాత్రి పదకొండుకు లేచి మేత వేస్తారు. లోపలికి పోయేవాడు కాళ్ళు చేతులు కడుక్కొని పోవాల్సిందే. మాట్లాడలేని పురుగు మనసు తెలుసుకుని మసలుకునే జనం మనవాళ్ళు. అయితే ఒక తేడా వుంది. పట్టుపురుగుకు పాతిక రోజుల దాపు సేవ చేస్తే, చివర మార్కెట్లో నోట్లు లెక్కపెట్టుకోవచ్చు. గినీపందికి ఐదు నుంచి ఎనిమిదేళ్ళు సేవ చేయాలి, చివర పైసా రాదు. ఆదాయం వచ్చే ప్రాణికి గోనెసంచి తడిపినట్టు, ఆదాయం రాని ప్రాణికి తడుపుతామా? అసలు ప్రశ్న ఇది.

తడిపే ఓపిక వుంటే మార్గాలున్నాయి. మిద్దె మీద, రేకుల కింద కాకుండా ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో నేల మీద వుంచాలి. మన ఇళ్ళల్లో పరిచే నాపరాళ్ళ బండ చల్లగా వుంటుంది, ఒక ముక్క పంజరంలో వేస్తే దాని మీద పడుకుంటుంది. నీళ్ళ సీసా గడ్డకట్టించి గుడ్డ చుట్టి పెట్టవచ్చు. పంజరం నేల కమ్మీలది కాగూడదు, పాదాలు పుండ్లు పడతాయి. రెండింటికి కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చోటు కావాలి. అంగట్లో ప్రాణితో బాటు అంటగట్టే చిలుక పంజరాలు దానికి చాలవు. కొనడానికి వేసవి సెలవులంత చెడ్డ కాలం లేదు. పిల్లలు అడిగేదీ, పెద్దలు కొనేదీ మాత్రం సరిగ్గా అప్పుడే!

రెండో ప్రశ్న మేత.

గినీపంది పళ్ళు జీవితాంతం పెరుగుతూనే వుంటాయి. అవి అరగాలంటే పొద్దస్తమానం గడ్డి నమలాలి. ఎండుగడ్డి ఎప్పుడూ ముందర వుండాలి, పచ్చి గరిక రోజూ కావాలి. గింజలు, బిస్కెట్లు, అన్నం, మిఠాయి దాని తిండి కాదు. పిల్లవాడు ప్రేమతో తన నోట్లోది తీసి పెట్టే బిస్కెట్టే దాని కడుపుకు చేటు. ఉల్లిపాయ, బంగాళదుంప గూడా పెట్టగూడదు. లూసర్న్ లాంటి పప్పుజాతి మేత ఎదిగిన వాటికి రోజూ పెడితే మూత్రంలో రాళ్ళు కట్టే ప్రమాదం వుంది. వేరుశనగ కట్టె గూడా పప్పుజాతిదే. ఇంట్లో వామి వుంది గదా అని దాన్నే మేపితే కాదు.

ఇంకొక ముఖ్యమైన విషయం. చాలా జంతువులు తమ ఒంట్లోనే విటమిన్ సి తయారు చేసుకుంటాయి. మనిషీ, గినీపందీ ఇద్దరూ చేసుకోలేరు. ఈ ఒక్క విషయంలో మనం దానికి చుట్టాలం! రోజూ కాస్త కొత్తిమీర, ఒక ముక్క క్యాప్సికం, అప్పుడప్పుడు జామ ముక్కో, చిన్న ఉసిరి తునకో పెట్టకపోతే కొన్ని వారాల్లో కీళ్ళు వాచి, చిగుళ్ళు పాడై, కదలలేక పడిపోతుంది. నీళ్ళల్లో విటమిన్ చుక్కలు వేస్తే సరిపోతుందని అంగడివాళ్ళు చెబుతారు, గాని నీళ్ళల్లో దాని బలం త్వరగా తగ్గిపోతుంది.

కొత్తిమీరకు కొదవా అంటారేమో. వానలు పడిన రోజుల్లో కొదవ లేదు. కాని మనది ఏ సీమ? గరిక దొరకని ఏళ్ళు, పశువులకు గడ్డి లేక సంతకు తోలుకుపోయిన ఏళ్ళు మన పెద్దవాళ్ళకు బాగా గుర్తు. గొడ్డును అమ్మి వచ్చిన రోజు మగవాళ్ళు గూడా ఏడ్చిన ఇళ్ళు మావైపు చాలా వున్నాయి. ఎండాకాలంలో రోజూ గుప్పెడు పచ్చగడ్డి ఎక్కడినుంచి తేవాలో ముందే చూసుకోవాలి. రోడ్డుపక్క గడ్డి పీకి వేస్తే సరిపోదు. అక్కడ మురుగునీళ్ళుంటాయి, కలుపుమందు కొట్టి వుంటారు, కుక్కలు తిరిగి వుంటాయి. మిద్దె మీద నాలుగు కుండీల్లో గరిక, కొత్తిమీర పెంచుకున్న ఇల్లయితే కొంత నయం.

మూడో ప్రశ్న సంసారం.

గినీపంది ఒంటిగా బ్రతకలేదు. మందలో పుట్టిన ప్రాణి, తోడు లేకపోతే దిగులు పెట్టుకుంటుంది. స్విట్జర్లాండ్ దేశంలో 2008 నుంచి ఒంటి గినీపందిని పెంచడమే చట్టవిరుద్ధం. కాబట్టి ఒకటి కాదు, రెండు కొనాలి. ఇక్కడొక చిక్కు వుంది. "రెండూ ఆడవే సార్" అని అంగట్లో చెప్పిన మాట చాలాసార్లు రెండు నెలల్లో అబద్ధమని తేలుతుంది. చూలు రెండు నెలల పైచిలుకు. కాన్పుకు రెండు మొదలు నాలుగు పిల్లలు మామూలు. పుట్టిన పిల్లలు కళ్ళు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో, ఆ రోజే పరుగులు తీస్తాయి. ఈనిన కొద్ది గంటలకే తల్లి మళ్ళీ చూలు కట్టవచ్చు. మగపిల్లలను మూడు వారాలకే వేరు చేయకపోతే తల్లినీ, చెల్లినీ గూడా చూలు చేస్తాయి. లెక్కల మాస్టారు అవసరం లేదు, ఏడాది తిరిగేసరికి ఇల్లు సంత అవుతుంది. అప్పుడేం చేస్తారు? ఊరి బయట గుట్టలో వదిలేస్తారు. అది వదిలేయడం కాదు, పిల్లికో, కుక్కకో, గద్దకో వడ్డించడం. కొనేముందే ఆడా మగా తేల్చగలిగిన పశువైద్యుడికి చూపించి, ఒకే జాతివి రెండు తెచ్చుకోవాలి.

పశువైద్యుడంటే గుర్తొచ్చింది. మన ఊళ్ళ పశువైద్యశాలల్లో గొర్రె జబ్బు, ఆవు జబ్బు చిటికెలో చెప్పగలరు. గినీపందిని చేతితో పట్టుకుని చూసే అవకాశం వాళ్ళకు ఎంత వస్తుంది? పెద్ద వైద్యం కావాలంటే ఇటు తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయమో, అటు బెంగుళూరు హెబ్బాళ పశువైద్య కళాశాలో దిక్కు. జబ్బు చేస్తే అది చెప్పుకోదు. వేట జంతువులకు భయపడే ప్రాణి, నీరసం దాచుకుంటుంది. ఒక పూటంతా గడ్డి ముట్టలేదంటే అప్పటికే ఆలస్యమైనట్టు లెక్క. ఇంకో హెచ్చరిక: ఇంట్లో పిల్లలకు జలుబు, దగ్గు వచ్చినప్పుడు వాడి మిగిల్చిన అమాక్సిసిలిన్ సిరప్ "చిన్న ప్రాణి గదా, రెండు చుక్కలు" అని పోయవద్దు. పెన్సిలిన్ జాతి మందులు నోటిద్వారా ఇస్తే గినీపంది పేగుల్లోని మంచి క్రిములు చచ్చి, ప్రాణానికే ముప్పు. మనల్ని బ్రతికించే మందే దాన్ని చంపుతుంది.

నాలుగో ప్రశ్న మనిషి. నా మటుకు నాకు ఇదే మొదటి ప్రశ్న.

మొన్న సెలవులకు ధర్మవరం పోయినప్పుడు మా మేనల్లుడు, నాలుగో తరగతి, నా చుట్టూ తిరిగినాడు. "మామా, బెంగుళూరులో నాకు రెండు గినీపందులు తెచ్చీయల్ల. నేనే చూసుకుంటా, దేవుని తోడు." మా బావ మగ్గం గుంటలో కూర్చుని, నాడె ఆపకుండానే, "ఎంత ప్రాణిలేప్పా, ఎలకంత. తెచ్చీ" అన్నాడు. మా అక్క మాత్రం కండెలు చుడుతూ తలెత్తలేదు.

"నువ్వేమంటావక్కా?" అని అడిగితే అప్పుడు చెప్పింది. "వాడు చూసుకునేది నాకు తెలీదా? తెల్లారి లేస్తే నీళ్ళు పట్టల్ల, వీనికి క్యారియర్ కట్టల్ల, కండెలు చుట్టల్ల. దాని గడ్డి గూడా నా నెత్తినే పడతాది. సచ్చిపోతే ఆ మాట గూడా నా మీదనే వస్తాది."

"బావా, గడ్డి నువ్వు తెస్తావా? పంజరం నువ్వు కడుగుతావా?" అన్నాను. బావ నవ్వినాడు, తర్వాత నవ్వు ఆపినాడు. చాలాసేపు మగ్గం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

మిత్రులారా, సంగతంతా ఇక్కడే వుంది. కోరిక పిల్లవాడిది. కొనిచ్చిన పేరు తండ్రిది. మామదో, బాబాయిదో తెచ్చిన గొప్ప. చాకిరీ మాత్రం అమ్మది! ఇంట్లో అందరికంటే ముందు లేచి, అందరికంటే చివర పడుకునే మనిషికి ఇంకో రెండు నోళ్ళు అప్పజెప్పి, దానికి "పిల్లవాడికి బాధ్యత నేర్పడం" అని పేరు పెడుతున్నాం. పిల్లవాడు నేర్చుకునే బాధ్యత ఏమిటి? నా ముచ్చట నాది, దాని పెంట అమ్మది అనే పాఠమా?

ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఒక ప్రాణి భారం మొత్తం మోయలేడు. అది వాడి తప్పు గాదు. పరీక్షలుంటాయి, ఆటలుంటాయి, పదిహేను రోజుల్లో మోజు తీరిపోతుంది. ఆరో తరగతిలో కొన్న గినీపంది, వాడు ఇంటర్ చదువుకు హాస్టల్‌కు పోయినాక గూడా ఇంట్లోనే వుంటుంది. కాబట్టి గినీపంది పిల్లవాడి ప్రాణి కాదు, ఇంటి ప్రాణి. పెద్దవాళ్ళలో ఒకరు, అదీ పనికి పొంగిపోయిన మనిషి కాకుండా, "ఇది నాది" అని చెప్పినప్పుడే కొనాలి. పిల్లవాడు వాళ్ళ పక్కన నిలబడి నేర్చుకుంటాడు.

పెనుకొండలో ఇంకో రకం ఇబ్బంది. దగ్గర్లో ఎర్రమంచి వద్ద కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పటి నుంచి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి బాడుగ ఇళ్ళల్లో వుంటున్నారు. పిల్లలకు తోడు లేదని ఇట్లాంటి ప్రాణులు తెచ్చుకోవాలనుకునేది ఎక్కువగా ఇట్లాంటి కుటుంబాలే. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కాని ఇంటి ఓనరు ఒప్పుకుంటాడా? పండక్కి వారం రోజులు సొంతూరు పోతే గడ్డి వేసేదెవరు? బదిలీ అయితే దూరప్రయాణం అది తట్టుకుంటుందా? వీటికి జవాబు లేకుండా కొనగూడదు.

పిల్లవాడికీ ప్రాణికీ పొత్తు ఎట్లా కుదురుతుందనేది గూడా చూడాలి. పైనుంచి చెయ్యి వస్తే గినీపందికి అది గద్ద. అందుకే మొదట్లో బిగుసుకుపోతుంది. "ఎంత బుద్ధిగా కూర్చుందో" అని మనం మురిసిపోతాం. అది బుద్ధి కాదు, భయం. పిల్లలు నేల మీద కూర్చుని, రెండు చేతులతో ఒళ్ళో పెట్టుకోవాలి. నిలబడి ఎత్తుకుంటే జారి పడుతుంది, నడుము విరుగుతుంది. పిల్లలకు దాని నుంచి తామర అంటుకోవచ్చు, ఆయాసం వున్న పిల్లలకు దాని బొచ్చు, గడ్డి దుమ్ము పడకపోవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఓర్పుగా మచ్చిక చేసుకుంటే మాత్రం కొత్తిమీర కట్ట విప్పిన చప్పుడుకే ఈలవేసి పిలుస్తుంది. సంతోషం పట్టలేక ఉన్నచోటనే గాల్లోకి ఎగురుతుంది. ఆ సంతోషం చూసిన పిల్లవాడు అదృష్టవంతుడే. నేను కాదనను.

"పిల్లల్లో జీవకారుణ్యం పెంచాలంటే ప్రాణులుండాల్సిందే గదా" అనేవారున్నారు. నిజమే. కాని కారుణ్యం కొనే వస్తువా? చిన్నప్పుడు తిరునాళ్ళలో రంగు పూసిన కోడిపిల్లలను మనమంతా కొన్నవాళ్ళమే. ఎన్ని బ్రతికినాయి? వాటి వల్ల మనకు ఎంత కారుణ్యం వచ్చింది?

"కరువు సీమలో, ఫీజు కట్టలేని విద్యార్థులున్న చోట, గినీపందుల గోలేమిటయ్యా" అనే మిత్రులూ వున్నారు. వారికి నా మనవి ఒక్కటే. బలహీనుడి బరువు ఎవరు మోస్తారు అనే ప్రశ్న సభల్లో వేసేవాళ్ళం మనం. అదే ప్రశ్న మన ఇంటి వంటగదిలో వేస్తే చిన్నదైపోతుందా?

గినీపంది వద్దనుకుని రామచిలుకనో, మన గుట్టల్లో దొరికే నక్షత్ర తాబేలునో తెచ్చి పెట్టేవాళ్ళకు గూడా ఒక మాట. అవి రెండూ అడవి ప్రాణులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. గినీపందికి ఆ అడ్డం లేదు. అయినా 2018 నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుల అంగడి రిజిస్టరై వుండాలి. రిజిస్ట్రేషన్ చూపించని చోట, రసీదు ఇవ్వని చోట కొనవద్దు.

చివరగా నేను మా మేనల్లుడికి చెప్పిన ఉపాయం ఇక్కడ రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కొనేముందు ముప్పై రోజులు, ప్రాణి లేకుండానే ప్రాణి పని చేయమన్నాను. రోజూ పొద్దున్నే గుప్పెడు గరిక కోసి, కడిగి, ఒక గంపలో పెట్టాలి. గిన్నెలో నీళ్ళు మార్చాలి. సాయంత్రం ఆ గడ్డి తీసి, గంప తుడిచి, చేతులు కడుక్కోవాలి. తీసిన గడ్డి పక్కింటి మేకకు వేయాలి. గోడ మీది క్యాలెండర్లో ఎవరు చేసినారో వాళ్ళ పేరు మొదటి అక్షరం రాయాలి. వాడు చేయలేని రోజు వాళ్ళ నాయన చేయాలి, అమ్మ చేయగూడదు. ఇది పందెం. ముప్పై రోజులయ్యాక క్యాలెండరు చూసుకుంటే, గినీపంది కొనాలా వద్దా అని నన్ను అడగక్కర్లేదు. గోడే చెబుతుంది. ఈ వ్యాసం ఇచ్చేనాటికి పంతొమ్మిది రోజులైంది. పన్నెండు గళ్ళు వాడివి, నాలుగు మా బావవి, మూడు ఖాళీ. అక్క అక్షరం ఒక్కటీ లేదు. పక్కింటి మేక మాత్రం చాలా సంతోషంగా వుందట.

ముప్పై గళ్ళు నిండితే కార్తీకం చలిలో వెళ్ళి రెండు తెచ్చుకోనీండి, నేనే తోడు పోతాను. నిండకపోతే ఆ మేకే వాడి నేస్తం. మిద్దె మీద పిచ్చుకలకు నీళ్ళ మూకుడు పెట్టినా, ఒక కుండీలో గరిక పెంచినా పిల్లవాడికి ప్రాణం విలువ తెలుస్తుంది.

సోదర సోదరీమణులారా! రేపు సెలవులకు ఇంటికి పోతే మీ ఇంట్లో తమ్ముడో, చెల్లెలో, మేనకోడలో మిమ్మల్ని ఇదే అడగవచ్చు. అప్పుడు అంగట్లో ధర అడిగేముందు, వంటింట్లోకి పోయి అమ్మను అడగండి. ఆమె ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు, ఆమె పనిలో ఒకటి మీరు తీసుకున్నాకనే ఆ రెండు ప్రాణులను గడప దాటించండి.